ఖెంట్‌కావెస్ రాజమాతా, ఏలిన రాణా?

నైలుతీరం:
గీజాలో మెన్‌కౌరే రాజు పిరమిడ్‌కు చెందిన లోయ ఆలయానికి దగ్గరలో ఉన్న, ప్రాచీన ఈజిప్టు రాణి ఖెంట్‌కావెస్ సమాధిని 1932లో పురావస్తు శాస్త్రవేత్త సలీం హసన్ తవ్వించినప్పుడు దానిని నాలుగో పిరమిడ్ అని భావించారు. దాని గ్రానైట్ ద్వారంపై ఉన్న బిరుదు రెండు అర్థాలకు చోటిస్తుంది. ‘ఎగువ, దిగువ ఈజిప్టులను ఏలిన ఇద్దరు రాజుల తల్లి’ అనవచ్చు. ‘ఎగువ, దిగువ ఈజిప్టుల రాజు, అలాంటి రాజుకు తల్లి’ అని కూడా అనవచ్చు. మీరు ఏ అర్థాన్ని ఒప్పుకుంటారు?

శిలాక్షరం:
ఆమె ఏలిందనే నా నమ్మకం. అదే ద్వారంపై సింహాసనం మీద కూర్చున్న ఆమె బొమ్మకు రాజులు ధరించే కృత్రిమ గడ్డం ఉందని ఈజిప్టు చరిత్ర పరిశోధకుడు మిరోస్లావ్ వెర్నర్ గుర్తించారు. రాజమాత అయినంత మాత్రాన ఎవరికీ గడ్డం చెక్కరు.

పాతలిపి:
శిలాక్షరం గారూ, గడ్డం విషయం నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే సంస్కృతంలో ఉన్నట్టే ఈజిప్షియన్ భాషలోనూ ద్వివచనం ఉందని, దానిని రాసేటప్పుడు ఒకే గుర్తును రెండుసార్లు వేసేవారని గుర్తుంచుకుంటే, ‘రాజు’ అనే మాట రెండుసార్లు కనిపించడం ‘ఇద్దరు రాజులు’ అనే అర్థానికే ఎక్కువ బలమిస్తుంది. తరువాతి కాలంలో అబూసీర్‌లో సమాధి అయిన రెండో ఖెంట్‌కావెస్‌కూ ఇదే బిరుదు ఉంది; ఆమె కొడుకులు నెఫెరెఫ్రే, నియుసెర్రే ఇద్దరూ నిజంగానే రాజులయ్యారు. పైగా గీజా ఖెంట్‌కావెస్ పేరు చుట్టూ కార్టూష్, అంటే రాజుల పేరు చుట్టూ చెక్కే అండాకార గీత, ఎక్కడా లేదు. అబిడోస్ ఆలయ గోడపై చెక్కిన రాజుల జాబితాలోనూ ఆమె పేరు లేదు; ఆ కాలపు రాజు షెప్సెస్‌కాఫ్ తరువాత వచ్చే పేరు తరువాతి రాజు ఉసెర్‌కాఫ్‌దే.

శిలాక్షరం:
అబిడోస్ జాబితాలో, రాజుగా ఏలిన స్త్రీ హాట్షెప్సుట్ పేరు కూడా లేదు గదా! ఆ జాబితా మౌనాన్ని ఆడవారి విషయంలో సాక్ష్యంగా తీసుకోలేము. అంతేకాక, గీజా ఖెంట్‌కావెస్‌కు రాజులైన ఆ ఇద్దరు కొడుకులు ఎవరు? ఒకప్పుడు ఉసెర్‌కాఫ్ తరువాత ఏలిన సహురేను ఆమె కొడుకుగా చెప్పేవారు. అబూసీర్‌లో ఆయన పిరమిడ్ దారి వెంట దొరికిన చెక్కడాలు ఆయన తల్లి నెఫెర్‌హెటెపెస్ అని చూపించాక ఆ వాదన నిలవలేదు.

పాతలిపి:
కొడుకుల పేర్లు నేను చెప్పలేననేది నిజం. నా వాదనలో బలహీనమైన చోటు అదే. జాబితా విషయంలోనూ మీ మాట న్యాయమే, దానిని వదులుకుంటున్నాను. కార్టూష్‌ను మాత్రం వదులుకోలేను. జాబితాలు హాట్షెప్సుట్‌ను మరచినా, ఆమె తన కట్టడాలపై సింహాసన నామాన్ని కార్టూష్‌లోనే చెక్కించుకుంది; ఖెంట్‌కావెస్ తన సొంత సమాధి ద్వారంపై, అడ్డుచెప్పేవారు లేని చోట కూడా, ఆ పని చేయలేదు. ఆమె ఏలుబడి సంవత్సరాన్ని పేర్కొంటూ తేదీ వేసిన రాత ఒక్కటి వెలుగులోకి వచ్చినా నా అభిప్రాయాన్ని ఇక్కడే మార్చుకుంటాను.