పిల్స్‌నర్‌కి 3.25, బెల్జియం బీరుకి 4.75: ఈ మార్కులు న్యాయమేనా?

సీసా_మూత:
తొమ్మిది రోజులు సెలవు పెట్టి చెక్‌లో ప్రాగ్, ప్ల్‌జెన్, బెల్జియంలో బ్రసెల్స్, గెంట్ తిరిగొచ్చాం. మొత్తం 41 బీర్లు రుచి చూశాను. అన్నిటికీ అక్కడికక్కడే అన్‌టాప్డ్ అనే బీరు రేటింగ్ యాప్‌లో 5కి మార్కులు వేశాను. ముఖ్యమైనవి ఇవి: బెల్జియంలో వెస్ట్‌వ్లెటెరెన్ 12కి 4.75, రోష్‌ఫోర్ 10కి 4.5, ఓర్వాల్‌కి 4.25, కాంటియోన్ బ్రూవరీ వాళ్ళ పుల్లటి బీరు గూజ్‌కి 4; చెక్‌లో ప్రాగ్ 'ఉ ఫ్లెకూ' పబ్ నల్ల బీరుకి 3.5, పిల్స్‌నర్ ఉర్కెల్‌కి 3.25. బెల్జియం ముందు చెక్ నిలబడదని తేలిపోయింది. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

ఉత్తి_సోడా:
41ఆ! లివర్‌కి ఎన్ని వేశారు?

బ్ర్నో_బాబాయ్:
ఆరేళ్ళుగా చెక్‌లోనే ఉంటున్నాను కాబట్టి చెప్పే హక్కు కాస్త ఉందనుకుంటున్నా. మీరు పోల్చినవి పోల్చదగ్గవి కావు. వెస్ట్‌వ్లెటెరెన్ 12లో ఆల్కహాల్ 10.2 శాతం. పిల్స్‌నర్ ఉర్కెల్‌లో 4.4. మొదటిది గుటక వేయగానే ఎండు ద్రాక్ష, మాడిన బెల్లం, మసాలా అన్నీ ఒక్కసారి నాలుక మీదికొస్తాయి. రెండోది అలా మీద పడదు. మొదటి గ్లాసులో చేదు తెలుస్తుంది, రెండో గ్లాసులో ఆ చేదు వెనకున్న తీపి తెలుస్తుంది, మూడోది ఎప్పుడు అయిపోయిందో తెలీదు. చెంచాతో నాకి మార్కులు వేస్తే ఆవకాయకి 5, పెరుగన్నానికి 3 వస్తాయి. రోజూ తినేది ఏది?

ఇంకో మాట. పిల్స్‌నర్ పుట్టిన ప్ల్‌జెన్ వాళ్ళకి మార్కులు వేయడం మనం నేర్పక్కర్లేదు. 1838లో ఊరి బీరు బాగోలేదని 36 పీపాలు టౌన్‌హాల్ ముందు పారబోశారు. తర్వాత బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే ఆయన్ని రప్పించి కొత్త బ్రూవరీలో పెట్టారు. 1842లో ఆయన కాచిందే ఈ బంగారు రంగు బీరు. దానికి మీరు 3.25 వేశారు.

కొలత_కొలతే:
చరిత్ర అలా ఉంచండి. ప్రాగ్‌లో నాకు గ్లాసు నిండా నురగ పోసి తెచ్చారు. అడిగితే వెయిటర్ నవ్వి వెళ్ళిపోయాడు. డబ్బు మాత్రం తీసుకున్నాడు. దీనికి ఎన్ని మార్కులు వేయాలి?

బ్ర్నో_బాబాయ్:
@కొలత_కొలతే గారూ, మీరు తెలియక 'మ్లీకో' చెప్పి ఉంటారు. ఆ మాటకి పాలు అని అర్థం. దాదాపు అంతా తడి నురగే, తియ్యగా ఉంటుంది, ఒక్క గుక్కలో తాగేయాలి. మామూలుగా ఇచ్చేది 'హ్లాడింకా', మూడు వేళ్ళ నురగ. బీరు పోసేవాడు ముందు నురగ పోసి, కుళాయి మూతిని దానిలో ముంచి కింద బీరు నింపుతాడు. గాలి తగలకుండా ఆ నురగ మూతలా కాపాడుతుంది.

కొలత_కొలతే:
మా అమ్మ పాలవాడు నురగతో కొలిస్తే చెంబు పక్కన పెట్టించి, నురగ దిగాక మళ్ళీ పోయించుకునేది. నురగకి నేను డబ్బులు ఎందుకివ్వాలి?

బ్ర్నో_బాబాయ్:
గ్లాసు మీద 0.5 గీత ఉంటుంది సార్. నురగ దిగాక బీరు ఆ గీతకి రావాలి. రాకపోతే అడగొచ్చు.

కొలత_కొలతే:
అడిగానని చెప్పాను కదా. నవ్వాడు.

తాటితోపు:
మీరంతా పిల్స్‌నర్ మీద పడ్డారు గానీ గూజ్‌కి 4 ఏమిటి? నేనూ బ్రసెల్స్‌లో కాంటియోన్‌కి వెళ్ళాను. మరిగించిన ధాన్యపు రసాన్ని పైఅంతస్తులో వెడల్పాటి రాగి తొట్టిలో రాత్రంతా తెరిచి ఉంచుతారు. గాలిలో ఉన్న ఈస్టే వచ్చి పని చేస్తుంది. చలికాలంలోనే కాస్తారు, సాలెగూళ్ళు కూడా దులపరు. తర్వాత ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళు చెక్క పీపాల్లో ఉన్నవి కలిపితే గూజ్. తాగి చూస్తే మధ్యాహ్నం దాటిన తాటికల్లే! అదే పులుపు, అదే వాసన. మన చెట్టు కింద లొట్టిలో జరిగేదీ ఇదే, కాకపోతే మూడేళ్ళ పని మూడు గంటల్లో అవుతుంది. బెల్జియం బీరు సంస్కృతికి 2016లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మన కల్లుకి ఏం వచ్చింది?

ఉత్తి_సోడా:
ఎక్సైజ్ వాళ్ళు వచ్చారు.

సీసా_మూత:
టాపిక్ తప్పుతున్నారు. బాబాయ్ గారూ, మీ లెక్కన ఘాటున్నదానికే మార్కులు పడాలి. మరి 6.2 శాతమే ఉన్న ఓర్వాల్‌కి 4.25 ఎందుకు వేశాను? చెక్‌లో కూడా ఘాటుకి లోటు లేదు, ప్రాగ్‌లో అందరూ 12 అంటూ ఆర్డర్ చేశారు. 12 శాతం ఉండీ చప్పగానే ఉంది.

బ్ర్నో_బాబాయ్:
12 శాతం కాదు మహాప్రభో! ఆ 12 డిగ్రీలు. పులియబెట్టక ముందు రసంలో ఎంత చక్కెర ఉందో చెప్పే లెక్క. పది డిగ్రీలది 'దెసీట్కా', పన్నెండుది 'ద్వానాట్స్కా'. పన్నెండు డిగ్రీలంటే ఆల్కహాల్ అయిదు శాతం దగ్గర ఉంటుంది. మీకు 4.75 అనిపించిన బెల్జియం సీసా మీద 12 కూడా శాతం కాదు. ఇంత తెలీకుండా 41 మార్కులు వేశారు.

సీసా_మూత:
తెలిస్తేనే తాగాలా? నాలుక ఉంటే చాలు. 2005లో ఒక రేటింగ్ సైట్ వెస్ట్‌వ్లెటెరెన్ 12ని ప్రపంచంలోనే మొదటి స్థానంలో పెట్టింది. వాళ్ళందరికీ తెలీదా?

బ్ర్నో_బాబాయ్:
పెట్టాక జనం కార్లేసుకుని ఆ బీరు కాచే క్రైస్తవ మఠం మీద పడ్డారు. సన్యాసులు మాత్రం ఒక్క సీసా ఎక్కువ కాయలేదు. మార్కుల్ని లెక్కచేయనిది ఆ బీరు కాసేవాళ్ళే!

వెనక_సీటు:
చాలాసేపటి నుంచి చదువుతున్నా. ఆ ట్రిప్‌లో నేనూ ఉన్నాను. వెస్ట్‌వ్లెటెరెన్ సీసా 33 సెంటీలీటర్లు, నలుగురం పంచుకున్నాం. తలా 80 మిల్లీలీటర్లు. దగ్గుమందు కంటే కాస్త ఎక్కువ.

బ్ర్నో_బాబాయ్:
80 మిల్లీలీటర్లకి 4.75! ఇప్పుడర్థమైంది. మరి పిల్స్‌నర్?

సీసా_మూత:
పిల్స్‌నర్ పూర్తి గ్లాసు తాగాను.

వెనక_సీటు:
సగం తాగావు. మిగతా సగం నాకిచ్చావు, "ఇంకా రెండు బార్లున్నాయి, పొట్టలో చోటుండాలి" అన్నావు. సీసాలకైన ఖర్చు మాత్రం నాలుగు సమాన భాగాలు.

సీసా_మూత:
డబ్బు సంగతి ఇక్కడ మాట్లాడడమేనా? హోటల్ బుకింగ్, రైలు టికెట్లు, బార్ల లిస్టు అన్నీ నేనే చూసుకున్నాను. నువ్వు వెనక సీట్లో నిద్రపోయావు. ఒక్క రోజు దారి చూడ్డానికి ఫోన్ తీశావా?

వెనక_సీటు:
తీయనిస్తేగా. ప్రాగ్‌లో జిజ్‌కోవ్ పేటలో ఆ చిన్న పబ్ గుర్తుందా? నీ లిస్టులో లేదు, వానకి దూరాం. పెద్ద బల్ల దగ్గర ఒక ముసలాయన పక్కకి జరిగి చోటిచ్చాడు. అడక్కుండానే బీర్లొచ్చాయి, లెక్కకి కాగితం ముక్క మీద గీతలు పెట్టి వెళ్ళారు. చదువుకునే రోజుల్లో తమని బీరుకి చేదునిచ్చే హాప్స్ పువ్వుల కోతకి పంపేవారని, చేతులు నెల రోజులు చేదుగా ఉండేవని ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో చెబుతున్నాడు. కథ సగంలో ఉండగా నువ్వు వాచీ చూసి లేచావు. ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు రా. నాకు ఈ మార్కుల మీద కోపం లేదు. ఆ లేవడం మీదే కోపం.

సీసా_మూత:
నువ్వు ఆన్‌సైట్ మీద రెండేళ్ళు జర్మనీలో ఉన్నావు. శనివారం వస్తే రైలెక్కి ఎటైనా వెళ్ళేవాడివి. నాకు 38 ఏళ్ళకి పాస్‌పోర్ట్ మీద పడ్డ మొదటి ముద్ర ఇది. రెండేళ్ళు దాచిన డబ్బు. మళ్ళీ ఎప్పుడు వెళ్తానో, అసలు వెళ్తానో లేదో తెలీదు. మళ్ళీ రాగలిగినవాడు తీరిగ్గా కూర్చుంటాడు. నేను ఎన్ని చూడగలిగితే అన్ని చూడాలనుకున్నాను, రాసి పెట్టుకోకపోతే మర్చిపోతానని మార్కులు వేశాను. బాబాయ్ గారూ, మీకూ అదే చెబుతున్నా. మూడో గ్లాసు దాకా కూర్చోమని ఆ ఊళ్ళో ఇల్లున్నవాళ్ళు సులభంగా చెప్తారు.

బ్ర్నో_బాబాయ్:
అది ఒప్పుకుంటాను. అయినా 3.25 తక్కువే.

తాటితోపు:
గూజ్‌కి 4 ఎక్కువే.

వెనక_సీటు:
ఈ మాట అక్కడే చెప్పి ఉంటే ఖర్చు గురించి ఎత్తేవాణ్ణి కాదు. సరే, ఆ జిజ్‌కోవ్ బీరుకి ఎన్ని వేశావు? నీ లిస్టులో కనపడలేదు.

సీసా_మూత:
వేయలేదు. దాని పేరు కూడా చూసుకోలేదు. బాగుంది.

కొలత_కొలతే:
అక్కడ నురగ ఎంత పోశాడు?