ఓటేశా, టాక్సులు కడుతున్నా, ఇంతకీ నేను తిట్టాల్సింది ఎవర్ని?

కండో_కష్టజీవి (మిస్సిసాగా)

అందరికీ నమస్తే. పెద్ద పోస్టు, పైగా కోపంలో రాస్తున్నా, అటూ ఇటూ పోతే ఏమనుకోకండి.

కెనడాలో ఒంటారియోకి వచ్చి పదేళ్లు దాటింది, సిటిజన్‌షిప్ వచ్చి రెండేళ్లు. 2025 ఏప్రిల్ 28న ఫెడరల్ ఎలక్షన్‌లో జీవితంలో మొదటిసారి ఇక్కడ ఓటేశా. ఆ రాత్రి అమ్మకి వీడియో కాల్ చేస్తే "ఏదీ వేలు చూపించు" అంది, ఇక్కడ సిరా పెట్టరమ్మా, పెన్సిల్‌తో గుర్తు పెట్టి డబ్బాలో వేయడమే అన్నా. "పెన్సిలా? ఎవడన్నా చెరిపేస్తే?" అని అరగంట క్లాసు పీకింది. అప్పుడు నవ్వుకున్నా, ఇప్పుడు నవ్వు రావట్లేదు.

ప్రధాని పదవి నుంచి ట్రూడో దిగిపోయాడు, అదే లిబరల్ పార్టీ నుంచి కార్నీ వచ్చాడు, బ్యాంక్ ఆఫ్ కెనడా, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రెండూ నడిపినాయన కదా, లెక్కలు తెలిసినోడు కాస్త దారిలో పెడతాడులే అనుకుని వేశా. ఏం పెట్టాడు? పోయిన నెల మా ఓనర్ తలుపు కింద నుంచి ఒక కాగితం తోసి పోయాడు. రెండు బెడ్‌రూముల కండోకి (అపార్ట్‌మెంటే) 2,450 డాలర్లు కడుతున్నాం, ఇకనుంచి 2,800 అట. ఒకేసారి 350! అద్దె గవర్నమెంట్ ఏటా చెప్పే గైడ్‌లైన్ శాతం కన్నా పెంచకూడదు కదండీ అని ఫోన్ చేస్తే "ఆ రూల్ మన బిల్డింగుకి లేదు, ఇది కొత్తది" అని పెట్టేశాడు. ఏడేళ్ల బిల్డింగ్ కొత్తదేంటో, లిఫ్ట్ రెండు రోజులకోసారి ఆగిపోతుంది.

ఇదొకటా, మా ఫ్యామిలీ డాక్టర్ రిటైర్ అయ్యారు, కొత్త డాక్టర్ కోసం గవర్నమెంట్ వెయిటింగ్ లిస్టు హెల్త్ కేర్ కనెక్ట్‌లో పేరు రాయించి పద్నాలుగు నెలలు, ఒక్క ఫోన్ లేదు. మొన్న రాత్రి మా చిన్నోడికి చెవి పోటు, జ్వరం, ఎమర్జెన్సీకి తీసుకెళ్తే ఏడు గంటలు ఆ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం, తెల్లారుజామున డాక్టర్ వచ్చి రెండు నిమిషాలు చూసి అమాక్సిసిలిన్ రాసిచ్చాడు. ఆయన్ని అనడానికీ లేదు, కళ్లు ఎర్రగా, మనిషి నిలబడే నిద్రపోతున్నట్టున్నాడు.

అటు చూస్తే ట్రంప్ స్టీల్ మీద 50 శాతం టారిఫ్ వేశాడు, బ్రాంప్టన్ కార్ల ప్లాంటుకి రావాల్సిన మోడల్ని 2025 అక్టోబర్‌లో ఇలినాయ్‌కి తీసుకుపోతామన్నారు, ఆ ప్లాంటుని నమ్ముకున్న వాళ్లు మా కమ్యూనిటీలోనే ఎంతమంది ఉన్నారో. పే స్టబ్ చూస్తే సీపీపీ (పెన్షన్‌కి), ఈఐ (ఉద్యోగం పోతే ఇచ్చే బీమాకి), ఫెడరల్ టాక్స్, ప్రొవిన్షియల్ టాక్స్, మిగిలేది చూస్తే ఏడుపొస్తుంది. నా ప్రశ్న ఒక్కటే. వచ్చేసారి కన్జర్వేటివ్‌లకి వేస్తే ఏమన్నా మారుద్దా, లేక ఎవడొచ్చినా మన బతుకు ఇంతేనా?

గోదారి_టు_గ్వెల్ఫ్

తమ్ముడూ, ముందు బాబుకి ఎలా ఉంది? చెవి ఇన్‌ఫెక్షన్ అయితే జ్వరం తగ్గిందని మందు మధ్యలో ఆపకండి, కోర్సు పూర్తి చేయండి.

ఇక విషయానికొస్తే, మీరు తిడుతుంది ఒట్టావాని, అంటే ఫెడరల్ గవర్నమెంట్‌ని, మీ అద్దె కాగితం పుట్టింది టొరంటోలో, ఒంటారియో అసెంబ్లీ ఉండే క్వీన్స్ పార్క్‌లో. అద్దె రూల్ ప్రొవిన్స్‌ది, అంటే మన దగ్గర రాష్ట్రం లాంటిది. 2018లో డగ్ ఫోర్డ్ గవర్నమెంట్ వచ్చిన కొన్ని నెలలకే ఒక గీత గీసింది: 2018 నవంబర్ 15 తర్వాత మొదటిసారి జనం కాపురం పెట్టిన బిల్డింగులకి గైడ్‌లైన్ వర్తించదు. ఓనర్ ఇరవై ఐదు శాతం పెంచినా చట్ట ప్రకారం తప్పు కాదు. కొత్త ఇళ్లు ఎక్కువ కడతారని అలా చేశామన్నారు. కట్టారో లేదో మీకే తెలుసు, బయటికెళ్లి క్రేన్లు లెక్కపెట్టండి.

హాస్పిటళ్లు, ఫ్యామిలీ డాక్టర్లు కూడా అంతే. 1984 కెనడా హెల్త్ యాక్ట్ ప్రకారం ఒట్టావా డబ్బు పంపుతుంది, షరతులు పెడుతుంది, నడిపేది మాత్రం ప్రొవిన్స్. ఏ ఊరి ఎమర్జెన్సీకి ఎంత డబ్బు అనేది కార్నీ టేబుల్ మీదకి రాదు.

అందుకే ఒక మాట అడుగుతా, కోప్పడకండి. 2025 ఫిబ్రవరి 27న ప్రొవిన్షియల్ ఎలక్షన్ జరిగింది, దానికి వెళ్లారా? ఫోర్డ్‌కి 124లో 80 సీట్లొచ్చాయి, ఓటేసిన వాళ్లు మాత్రం సగం మంది కూడా లేరు. దానికి ముందు జనవరిలో మనిషికి 200 డాలర్ల చెక్కులు పోస్టులో వచ్చాయి, మీకూ వచ్చే ఉంటుంది. ఆ 200 మీ ఓనర్ పెంచిన అద్దెలో ఎన్ని రోజులకి సరిపోతుందో చూసుకోండి.

కాగితం సంగతి. మీలాంటి బిల్డింగులకి అద్దె పెంచే నోటీసు కోసం ఎన్-2 అని ఒక ఫారం ఉంటుంది, దాని మీదే ఇవ్వాలి, 90 రోజుల ముందు ఇవ్వాలి, పన్నెండు నెలల్లో ఒక్కసారే పెంచాలి. మీ ఓనర్ తోసింది ఆ ఫారమా లేక తెల్లకాగితం మీద రాసిన ఉత్తరమా చూడండి. ఉత్తరమైతే చెల్లదు. 2018 నవంబర్ 15కి ముందే ఆ బిల్డింగులో ఎవరన్నా కాపురం ఉన్నారా అని కూడా మేనేజ్‌మెంట్ ఆఫీసులో అడగండి, ఓనర్ నోటిమాట నమ్మొద్దు. ఇంకోటి, ఈ మధ్య ఈ చుట్టుపక్కల కండోల అద్దెలు కిందికి దిగుతున్నాయి. మీ బిల్డింగులోనే ఖాళీగా ఉన్నవి ఎంతకి పెట్టారో చూసుకుని బేరం మొదలుపెట్టండి.

చినూక్_గాలి (కాల్గరీ)

అక్క చెప్పింది కరెక్టే కానీ ఒట్టావాని అంత తేలిగ్గా వదిలేస్తే ఎలా?

అద్దెలు ఎందుకు పెరిగాయి, ఇళ్లు లేక. ఇళ్లు లేకుండానే జనాన్ని పిలిచింది ఎవరు? వీసాలు, పీఆర్ (శాశ్వత నివాసం) నంబర్లు ఫెడరల్ కదా. 2023లో దేశం జనాభా నాలుగు కోట్లు దాటిందని పండగ చేశారు, 2024 జనవరిలో స్టూడెంట్ వీసాలకి క్యాప్ పెట్టారు, అదే ఏడాది అక్టోబర్‌లో 2025 పీఆర్ టార్గెట్‌ని 5 లక్షల నుంచి 3 లక్షల 95 వేలకి దించారు. అంటే తప్పు జరిగిందని వాళ్లే ఒప్పుకున్నట్టే. ఇంతకీ దాని దెబ్బ పడింది ఎవరి మీద, బేస్‌మెంట్‌లో ఆరుగురు కలిసి ఉంటూ ఫీజులు కట్టిన పిల్లల మీద. ఆ క్యూలోనే మనమూ వచ్చాం కాబట్టి "వచ్చేవాళ్ల వల్లే ఇదంతా" అని మాట్లాడే మన అంకుల్స్‌ని చూస్తే నాకు ఒళ్లు మండుద్ది, అది వేరే టాపిక్.

పెట్రోల్ లాంటి ఇంధనాల మీద వేసిన కార్బన్ టాక్స్ చూడండి. ఏళ్ల తరబడి అది లేకపోతే భూమి మునిగిపోద్దని చెప్పింది లిబరల్సే, ఎలక్షన్ రాగానే 2025 ఏప్రిల్ 1 నుంచి మామూలు జనానికి సున్నా చేసింది కూడా లిబరల్సే. పెట్రోల్ బంకులో కాస్త తగ్గింది, మూడు నెలలకోసారి అకౌంట్లో పడే రిబేట్ కూడా ఏప్రిల్‌తో ఆఖరు. పార్టీ అదే, మాట మాత్రం తిరగబడింది. 2025 నవంబర్ 4న బడ్జెట్ పెట్టారు, లోటు 78.3 బిలియన్ డాలర్లు, లెక్కల మాస్టారి లెక్క అది.

ఇక కన్జర్వేటివ్ వస్తే అంటారా, నేను రెండుసార్లు వాళ్లకే వేశా కాబట్టి చెప్తున్నా. వాళ్ల నాయకుడు పోలీవ్ 2025 ఏప్రిల్‌లో సొంత కార్ల్‌టన్ సీటే పోగొట్టుకుని మా ఆల్బర్టాకొచ్చి, బాటిల్ రివర్–క్రోఫుట్‌లో ఆగస్టు 18 బై-ఎలక్షన్‌లో గెలిచి మళ్లీ పార్లమెంటుకి వెళ్లాడు. ఆ బై-ఎలక్షన్‌లోనే ఎలక్షన్ సిస్టమ్ మార్చాలని నిరసనగా 200 మందికి పైగా నామినేషన్ వేస్తే అన్ని పేర్లు ప్రింట్ చేయలేక ఖాళీ గీత ఉన్న బ్యాలెట్ ఇచ్చి, మీకు కావాల్సినోడి పేరు మీరే రాసుకోండి అన్నారు. మీ అమ్మగారికి ఇది చెప్పకండి, పెన్సిల్‌కే అంత కంగారు పడ్డారు.

ఆ నిరసన తప్పని కూడా అనలేను. ఒక్కో సీటులో అందరికన్నా ఎక్కువ ఓట్లొచ్చినోడే గెలిచే ఈ పద్ధతిలో 2015 ఎలక్షనే ఆఖరిదని ట్రూడో మాటిచ్చి, 2017 ఫిబ్రవరిలో చల్లగా వదిలేశాడు. 2021లో కన్జర్వేటివ్‌లకి 33.7 శాతం, లిబరల్స్‌కి 32.6 శాతం ఓట్లొస్తే సీట్లు మాత్రం వాళ్లకి 119, వీళ్లకి 160. ఆల్బర్టాలో మా ఓట్లు గుట్టలు గుట్టలుగా ఒక్కచోటే పడతాయి, గుట్ట ఎంత పెద్దదైనా సీటు ఒక్కటే కదా. ఇక్కడోళ్లకి ఒట్టావా అంటే మంట అంటే మంటే మరి.

డబుల్_డబుల్

ఏ పార్టీ అయినా ఒకటే బాస్. నేను 2019 తర్వాత ఓటేయడం మానేశా. ప్రశాంతంగా ఉన్నా.

గోదారి_టు_గ్వెల్ఫ్

@డబుల్_డబుల్ మీరు ప్రశాంతంగా ఉంటే వాళ్లు ఇంకా ప్రశాంతంగా ఉంటారు.

@చినూక్_గాలి ఇమిగ్రేషన్ నంబర్లు ఒట్టావావే, కాదన్లేదు. కానీ స్టూడెంట్లని అంతమందిని చేర్చుకున్న కాలేజీలకి పర్మిషన్ ఇచ్చింది, వాటికి గ్రాంట్లు సరిగ్గా ఇవ్వక బయటి పిల్లల ఫీజుల మీద బతకమని వదిలేసింది ఎవరు? మళ్లీ ప్రొవిన్సే. ఒంటారియోలో 2019లో లోకల్ స్టూడెంట్ల ఫీజు పది శాతం తగ్గించి అక్కడే ఆపేశారు, ఆ గుంత పూడ్చింది మన ఊళ్లనుంచి పొలాలు అమ్ముకుని వచ్చిన పిల్లలు. ఒకడు తలుపు తీశాడు, ఇంకొకడు లోపలికి తోశాడు. అడిగితే ఇద్దరూ ఒకరినొకరు చూపిస్తారు.

కండో_కష్టజీవి (మిస్సిసాగా)

అక్కా, బ్రో, ఇద్దరికీ థాంక్స్. బాబు బానే ఉన్నాడు, స్కూలుకి వెళ్తున్నాడు.

ముందు సిగ్గుపడాల్సిన విషయం చెప్పేస్తా. ఫిబ్రవరి 27న వెళ్లలేదు. చలి, పైగా షిఫ్ట్, మా ఆవిడ గుర్తు చేసింది కూడా, "ఎలాగూ ఫోర్డే గెలుస్తాడు, మనం వెళ్లి ఏం చేస్తాం" అని నేనే అన్నా. ఆ 200 చెక్కు వచ్చిన రోజు మాత్రం ఫ్యామిలీతో బయటికెళ్లి తినొచ్చాం.

అద్దె సంగతి. ఓనర్ ఇచ్చింది తెల్లకాగితమే, అక్క చెప్పినట్టు ఫారం కాదు. మేనేజ్‌మెంట్ ఆఫీసులో అడిగితే మొదటి కాపురాలు 2019లో వచ్చాయట, కాబట్టి రూల్ మాకు లేనట్టే, అక్కడ ఆశ పోయింది. కానీ మా పై అంతస్తులో అచ్చం మా లేఅవుటే 2,500కి లిస్టింగులో ఉంది, రెండు నెలలుగా ఎవరూ రాలేదట. ఆ స్క్రీన్‌షాట్ ఓనర్‌కి పంపి, ఫారం లేకుండా ఇచ్చిన నోటీసు చెల్లదండీ, పద్ధతిగా ఇచ్చినా మేం ఖాళీ చేసి పైకి మారిపోతాం అని మెయిల్ పెట్టా. రెండ్రోజులు సైలెంట్. తర్వాత ఫోన్ చేసి పాపం మార్ట్‌గేజ్ (ఇంటి లోన్) రెన్యూవల్ అయిందని, పాత వడ్డీకి కొత్త వడ్డీకి నెలకి అంత తేడా వస్తోందని ఆయన గోడు ఆయన చెప్పుకున్నాడు. చివరికి 2,525 దగ్గర తెగింది. ఆయన మీద కోపం కొంచెం తగ్గింది, నాలాగే ఇంకో ఇరుక్కుపోయిన మనిషిలా కనిపించాడు.

కానీ అసలు కామెడీ ఇది. మీ మాట విని మా ఎంపీపీ (ఇక్కడ ప్రొవిన్స్ ఎమ్మెల్యే) ఆఫీసుకి వెళ్లా. అద్దె రూల్ ఎప్పుడు మారుస్తారు, డాక్టర్ ఎప్పుడు దొరుకుతాడు అని అడిగా. కౌంటర్లో ఉన్న కుర్రాడు చాలా మర్యాదగా అంతా రాసుకుని, "హౌసింగ్ మీద మీరు ఫెడరల్ ఎంపీ గారితో మాట్లాడితే బాగుంటుంది" అని ఎంపీ ఆఫీసు కార్డు చేతిలో పెట్టాడు. సరే అని అక్కడికీ ఫోన్ చేశా. వాళ్లు అద్దె చట్టం ప్రొవిన్స్‌దండీ అని మళ్లీ ఈ ఎంపీపీ ఆఫీసు నంబరే ఇచ్చారు, అయితే బిల్డింగ్ పర్మిట్లు, డెవలప్‌మెంట్ చార్జీల గురించయితే సిటీ కౌన్సిలర్‌ని అడగండి అన్నారు.

కౌన్సిలర్ అంటే ఎవరండీ? దానికి కూడా ఎలక్షన్ ఉందా?

గోదారి_టు_గ్వెల్ఫ్

ఉంది తమ్ముడూ. 2026 అక్టోబర్ 26. ఆ రోజు షిఫ్ట్ పెట్టుకోకు.