అక్క వాళ్ల పిల్లికీ మా పిల్లికీ పడట్లేదు, ఏటి చెయ్యాలి?

మాది విజయనగరం. అక్కావాళ్లు కాశీ వెళ్తూ వాళ్ల గండుపిల్లిని (3 ఏళ్లు, ఆపరేషన్ అయింది) మా దగ్గర వదిలారు, సిరిమాను పండక్కి వచ్చి తీసుకెళ్తారు. మా ఆడపిల్లికి 5 ఏళ్లు, దానికీ ఆపరేషన్ అయింది.

అక్కావాళ్ల పిల్లిని వేరే గదిలో ఉంచి, ఒకదాని తువ్వాలు ఇంకోదాని దగ్గర వేసి, మూసిన తలుపుకి అటూ ఇటూ గిన్నెలు పెడితే బానే తిన్నాయి, కానీ తలుపు బెత్తెడు తీస్తే చాలు మాది చెవులు వెనక్కి వాల్చి తోక ఉబ్బించి బుస్సుమంటుంది, అదేమో కన్నార్పకుండా చూస్తూ గుమ్మంలోనే కూచుంటుంది. నిన్న రాత్రి 2 గంటలప్పుడు మాది ట్రే వదిలేసి మంచం కింద ఉచ్చ పోసింది పాపం, ఎప్పుడూ అలా చెయ్యదు. ట్రేలు వేర్వేరుగానే ఉన్నాయి. డాక్టర్‌కి చూపిస్తే ఇన్ఫెక్షన్ లేదు, భయం వల్లే అన్నారు.

పండగ దాకా పూర్తిగా విడిగానే ఉంచెయ్యాలా, లేక గుమ్మానికి దోమల మెష్ కట్టి మెల్లిగా అలవాటు చెయ్యాలా?