డెమొక్రాటిక్ పార్టీలో సోషలిస్టులు: ఇంటి మనుషులా, అద్దెకున్నవాళ్ళా?

వర్జీనియా నాని

జోహ్రాన్ మమ్దానీ 2026 జనవరి 1న న్యూయార్క్ మేయర్‌గా ప్రమాణం చేసిన దగ్గర్నుంచి మా వాట్సాప్ గ్రూపులో ఇదే గోల. అక్కడ మంచి పాయింట్లు గుడ్ మార్నింగ్ ఫొటోల కింద కొట్టుకుపోతున్నాయి, అందుకే ఇక్కడ పెడుతున్నా.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మమ్దానీ డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థి, దాంతోపాటు డీఎస్ఏ (డెమొక్రాటిక్ సోషలిస్ట్స్ ఆఫ్ అమెరికా) సభ్యుడు. 2025 జూన్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లు తేల్చే పోటీ) మాజీ గవర్నర్ ఆండ్రూ క్యూమోని ఓడించాడు. క్యూమో ఊరుకోకుండా ఇండిపెండెంట్‌గా దిగితే నవంబరు 4న మళ్ళీ ఓడించాడు. ఈసారి 10 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. సరిగ్గా అదే రోజు మా దగ్గర అబిగైల్ స్పాన్‌బర్గర్ దాదాపు 15 పాయింట్ల తేడాతో గవర్నర్‌గా గెలిచింది. ఈవిడ 2020లో తన కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సీటు చచ్చీచెడీ నిలబెట్టుకుని, సోషలిజం అన్న మాట ఇంకోసారి ఎత్తొద్దని సొంత పార్టీ వాళ్ళ మీద ఫోన్ మీటింగ్‌లో విరుచుకుపడ్డ మనిషి.

ఇద్దరిదీ ఒకే పార్టీ. నేను స్పాన్‌బర్గర్ కోసం మూడు శనివారాలు తలుపులు తట్టాను. ఇద్దరు ముగ్గురు ఓనర్లు "న్యూయార్క్‌లో ఆ కుర్రాడు మీవాడేగా?" అని అడిగారు. అవునని చెప్పాలో కాదని చెప్పాలో తెలియక నవ్వేసి వచ్చాను. మరి మీరైతే ఏం చెబుతారు?

క్వీన్స్ కమల

అవునని చెప్పాల్సింది నానీ! నవ్వెందుకు?

మేముండేది ఆస్టోరియాలో. మమ్దానీ మేయర్ కాకముందు మా అసెంబ్లీ మెంబరు. 2021లో టాక్సీ డ్రైవర్లు సిటీ హాల్ దగ్గర నిరాహార దీక్షకు కూర్చుంటే తనూ 15 రోజులు కూర్చున్నాడు. టాక్సీ మెడాలియన్ (టాక్సీ నడుపుకునే పర్మిట్) ధర ఒకప్పుడు 10 లక్షల డాలర్లు దాటింది. అప్పు చేసి కొన్నవాళ్ళు, ధర కుప్పకూలాక ఆ అప్పు తీర్చలేక ప్రాణాలు తీసుకున్న సందర్భాలున్నాయి. మా బిల్డింగులో రెండో అంతస్తులో ఒక పంజాబీ అంకుల్ ఉన్నారు, డ్రైవరే. దీక్షలో ఉన్నవాళ్ళకి నీళ్ళ సీసాలు మోసుకెళ్ళి రాత్రి పదింటికి వచ్చేవారు, మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ "ఆజ్ భీ కుఛ్ నహీ" అనేవారు. చివరికి అప్పు 1,70,000 డాలర్లకు మించకుండా కుదించి, దానికి సిటీ గ్యారంటీ ఇచ్చింది. అలాంటి మనిషిని పట్టుకుని ఈయన మన పార్టీ వాడేనా అని అడగడమే నాకు వింతగా ఉంది.

ఇర్వింగ్ రావు

కమల గారూ, ఆ కథలో సగం వదిలేశారు. ఆ డీల్ కుదరడానికి డెమొక్రాటిక్ సెనేటర్ చక్ షూమర్ కూడా పనిచేశాడు. ఆయనేం సోషలిస్టు కాదు కదా. నవంబరు ఎన్నికల్లో మమ్దానీకి మద్దతు కూడా ప్రకటించలేదు. మంచి పని చేయడానికి ఆ సోషలిస్టు బోర్డు తగిలించుకోవాలా? నా పేచీ అక్కడే.

బోర్డు ఖరీదు ఎంతో ఫ్లోరిడాలో చూశాం. మయామీ-డేడ్ కౌంటీలో 2016లో హిల్లరీకి 29 పాయింట్ల దాకా ఆధిక్యం వచ్చింది. 2020లో బైడెన్‌కి మిగిలింది 7. అక్కడ క్యూబా, వెనిజులా నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. సోషలిజం అన్న మాట వింటే వాళ్ళకి రేషన్ క్యూలు గుర్తొస్తాయి. స్పానిష్ టీవీలో రిపబ్లికన్లు పొద్దస్తమానం అదే వాయించారు. ఇద్దరు డెమొక్రాట్లు కాంగ్రెస్ సీట్లు పోగొట్టుకున్నారు. కారణం అదొక్కటే అనను. కానీ న్యూయార్క్‌లో చప్పట్లు కొట్టిన మాటకి బిల్లు మయామీలో కట్టారు.

తెనాలి మాస్టారు

చర్చ బాగుంది. అయితే అమెరికా పార్టీని మన పార్టీలాగా ఊహించుకుని మాట్లాడుతున్నారేమో అనిపిస్తోంది.

మన దగ్గర టికెట్ అంటే బీ-ఫారం. అది అధిష్ఠానం చేతిలో ఉంటుంది. ఆఖరి రాత్రి హోటల్లో పేరు మారిపోతుంది. ముప్పై ఏళ్ళు జెండా మోసినవాడు తెల్లారి ఇండిపెండెంటు అయి కూర్చుంటాడు. అమెరికాలో అభ్యర్థిని తేల్చేది ప్రైమరీ. అందులో ఓటేసేది మామూలు ఓటర్లు. పార్టీ చైర్మన్‌కి ఇష్టం లేకపోయినా గెలిచినవాడి పేరే బ్యాలెట్ మీద ఉంటుంది. 2018లో అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్, పార్టీలో పెద్ద తలకాయ అయిన జో క్రౌలీని అలాగే పడగొట్టింది. బెర్నీ శాండర్స్ సంగతి ఇంకా విచిత్రం. సెనేట్‌లో ఇప్పటికీ ఇండిపెండెంటే. అయినా 2016లో డెమొక్రాటిక్ ప్రైమరీల్లో 1 కోటీ 30 లక్షల దాకా ఓట్లు తెచ్చుకున్నాడు.

కాబట్టి "వాళ్ళని ఉంచాలా, పంపాలా" అని అడిగితే, పంపేదెవరు? గుమ్మం దగ్గర కాపలావాడే లేడు.

మన చరిత్రలో కాపలావాడున్నాడు. 1934లో జయప్రకాశ్ నారాయణ్, ఆచార్య నరేంద్రదేవ్, మీనూ మసానీ వంటివారు కాంగ్రెస్ లోపలే కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ పెట్టారు. మన పుచ్చలపల్లి సుందరయ్య గారు కూడా మొదట అందులో పనిచేసినవారే. 1948లో కాంగ్రెస్ తన నియమావళి మార్చి, పార్టీలో ఇంకో పార్టీ కుదరదంది. సోషలిస్టులు నాసిక్‌లో సమావేశమై బయటికొచ్చేశారు. 1952 ఎన్నికల్లో వాళ్ళకి దేశం మొత్తమ్మీద పదో వంతుకు పైగా ఓట్లు వచ్చాయి. లోక్‌సభ సీట్లు 12.

ఇర్వింగ్ రావు

మాస్టారూ, మీ లిస్టులో ఉన్న మసానీ చివరికి మన ఎన్.జి. రంగా గారితో కలిసి, సోషలిజానికి ఎదురు నిలిచిన స్వతంత్ర పార్టీలో తేలారు. ఆ సంగతి కూడా చెప్పండి :)

తెనాలి మాస్టారు

చెప్పాల్సిందే. మనుషులు మారతారు. తేలడానికి పార్టీ దొరకడం కూడా అదృష్టమే.

హెచ్1బీ హనుమంతు

మనకి ఇక్కడ ఓటే లేదు. గ్రీన్ కార్డు క్యూలో మా అబ్బాయి కాలేజీకి వచ్చేస్తున్నాడు. ఎవడు సోషలిస్టయితే మనకెందుకు బాస్?

క్వీన్స్ కమల

అద్దె కడుతున్నావు కదా హనుమంతూ? అందుకు.

బఫెలో బాబాయి

మాస్టారు గుమ్మం దగ్గర కాపలావాడు లేడన్నారు. మా ఊళ్ళో కాపలావాడు దొడ్డిదారిన వచ్చాడు. నేను కళ్ళారా చూశాను, చెబుతాను వినండి.

2021 జూన్‌లో బఫెలో మేయర్ పదవికి డెమొక్రాటిక్ ప్రైమరీ జరిగింది. నాలుగు సార్లు గెలిచిన బైరన్ బ్రౌన్ ఒకవైపు, ఇండియా వాల్టన్ అనే నర్సు ఇంకోవైపు. ఆవిడ సోషలిస్టు. బ్రౌన్ డిబేట్‌కి కూడా రాలేదు, అంత ధీమా. ఆవిడ గెలిచేసింది. నవంబరు బ్యాలెట్ మీద ఉన్న పేరు ఆవిడది ఒక్కటే. రిపబ్లికన్ అభ్యర్థి కూడా లేడు. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాం.

బ్రౌన్ రైట్-ఇన్‌గా దిగాడు. అంటే బ్యాలెట్ మీద ఖాళీ గడిలో ఓటరే పేరు రాయాలి. స్పెల్లింగ్ తప్పు రాస్తారేమోనని ఆయన మనుషులు రబ్బరు స్టాంపులు చేయించి పంచారు! మన పంచాయతీ ఆఫీసులో ఉంటాయే, అలాంటివే బుల్లివి. మా పక్కింటి ముసలాయన జేబులోంచి తీసి, అరచేతి మీద కొట్టి చూపించాడు. నీలం సిరాలో "బైరన్ బ్రౌన్" అని పడింది. రాష్ట్ర డెమొక్రాటిక్ పార్టీ చైర్మన్ సొంత పార్టీ ప్రైమరీ గెలిచిన వాల్టన్‌కి మద్దతు ఇవ్వనన్నాడు. షూమర్ మాత్రం ఇచ్చాడు, అది ఒప్పుకోవాలి. చివరికి స్టాంపే గెలిచింది.

ఆ తర్వాత నాకు అర్థమైంది ఒకటే. "అందరం ఒకే పార్టీ, ప్రైమరీ తీర్పుకి కట్టుబడాలి" అన్న నీతి లెఫ్ట్ వాళ్ళు ఓడినప్పుడే గట్టిగా వినబడుతుంది. 2025లో క్యూమో చేసిందీ అదే కదా.

వర్జీనియా నాని

బాబాయ్, స్టాంపు కథ నాకు తెలియదు. థాంక్స్. మినియాపోలిస్‌లో కూడా ఇలాంటిదే ఒకటి జరిగింది. 2025 జూలైలో ఒమర్ ఫతే అనే సోషలిస్టుకి నగర పార్టీ సమావేశం మద్దతు ప్రకటించింది. ఓటింగ్‌లో లోపాలున్నాయని ఆగస్టులో రాష్ట్ర పార్టీ దాన్ని రద్దు చేసింది. నవంబరులో పాత మేయర్ జేకబ్ ఫ్రేనే గెలిచాడు. కాబట్టి మాస్టారూ, బీ-ఫారం లేకపోయినా చేతివాటం కొంత ఉంది.

మా దగ్గర సంగతి ఇంకొకటి. అదే నవంబరులో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన గజాలా హష్మీ హైదరాబాద్‌లో పుట్టినావిడ. మా బిర్యానీ సెంటర్‌లో ఆ రోజు సందడే సందడి. కానీ ఆవిడ సోషలిస్టు కాదు. మామూలు డెమొక్రాట్. చదువు, ఆరోగ్యం అంటూనే గెలిచింది. అందుకే రావు గారి ప్రశ్న నన్ను వదలడం లేదు: బోర్డు లేకుండా అదే పని జరుగుతుంటే బోర్డు ఎందుకు?

ఇర్వింగ్ రావు

అదీ మాట. ఇంకా దగ్గరగా చెబుతాను. మమ్దానీ ఉచిత బస్సు అంటే ఇక్కడ టీవీలన్నీ విప్లవం వచ్చినట్టు అరిచాయి. మా అమ్మ నిజామాబాద్‌లో 2023 డిసెంబరు నుంచి ఆధార్ కార్డు చూపించి ఊరికే ఆర్టీసీ ఎక్కుతోంది. ఆంధ్రాలో కూడా పెట్టారు. ఎన్టీఆర్ 1983లో కిలో బియ్యం రెండు రూపాయలకిచ్చాడు. వైఎస్ ఆరోగ్యశ్రీ పెట్టాడు. ఎవరైనా సోషలిస్టునని చెప్పుకున్నారా? ఓటరుకి కావలసింది బియ్యం. బస్తా మీద ఏం రాసుందో ఎవడు చూస్తాడు?

న్యూయార్క్‌లోనే చూడండి. దాదాపు 10 లక్షల అపార్ట్‌మెంట్లకి అద్దె ఎంత పెంచాలో చెప్పే కమిటీ ఉంది. దాని మెంబర్లను మేయరే వేస్తాడు. మాజీ మేయర్ డి బ్లాసియో హయాంలో మూడు సార్లు అద్దె పెంచకుండా ఆపారు. ఆయన డీఎస్ఏ కాదు.

క్వీన్స్ కమల

రావు గారూ, మీ అమ్మగారి బస్సు ఉదాహరణ చాలా బాగుంది, నేను వాడుకుంటా! కానీ అది నా వైపు పాయింటు. తెలంగాణలో ఉచిత బస్సు పెడితే ఎవరూ కమ్యూనిజం అని భయపడలేదు. ఇక్కడ భయపడతారు. బోర్డు పెట్టుకున్నా, పెట్టుకోకపోయినా. ఒబామా ఇన్సూరెన్స్ చట్టం తెచ్చాడు, అదీ ప్రైవేటు కంపెనీల ద్వారానే. అయినా సోషలిస్టు అన్నారు. ఎలాగూ తిట్టు పడుతుంది కదా, అదేంటో మనమే చెబితే పోలా?

ఇంకో కారణం ఉంది. బోర్డు అవతలివాళ్ళ కోసం కాదు, తమ కోసం. గెలిచాక బిల్డర్లతో డిన్నర్లు మొదలైతే "నువ్వు మాకు ఇలా చెప్పలేదే" అని కాలర్ పట్టుకునే సంఘం ఒకటి వెనక ఉంటుంది. అందుకే డీఎస్ఏ ఏఓసీని (ఒకాసియో-కోర్టెజ్) కూడా వదల్లేదు. 2024లో జాతీయ కమిటీ ఆవిడకి మద్దతు ఉపసంహరించుకుంది. అది మరీ అతి అని నా అభిప్రాయం, అది వేరే గొడవ.

పార్టీలో జనం మాటంటారా, 2025 గాలప్ సర్వేలో డెమొక్రాట్లలో 66 శాతం మంది సోషలిజం మీద మంచి అభిప్రాయం ఉందన్నారు. క్యాపిటలిజం మీద 42 శాతమే.

ఇర్వింగ్ రావు

అదే సర్వేలో దేశం మొత్తమ్మీద సోషలిజానికి 39. ప్రైమరీ గెలిపించే అంకె వేరు, నవంబరు గెలిపించే అంకె వేరు. పార్టీలో నాయకులకి ఇది తెలుసు. 2023 ఫిబ్రవరిలో సోషలిజాన్ని ఖండిస్తూ రిపబ్లికన్లు తెచ్చిన తీర్మానానికి 109 మంది డెమొక్రాట్లు అవునన్నారు, 86 మంది కాదన్నారు. సొంతింట్లోనే చీలిక.

బఫెలో బాబాయి

ఆ చీలిక ఉత్తుత్తి తీర్మానం కోసం వచ్చింది కాబట్టి సరిపోయింది. డబ్బు దగ్గర వచ్చిన చీలిక చూడండి. 2024లో కాంగ్రెస్ సభ్యులుగా ఉన్న లెఫ్ట్ డెమొక్రాట్లు జమాల్ బౌమన్, కోరీ బుష్ ఇద్దరినీ ప్రైమరీల్లోనే ఓడించారు, బయటి సంఘాల డబ్బు కోట్ల డాలర్లలో కురిసింది. ఇజ్రాయెల్ మీద వాళ్ళు మాట్లాడిన మాటలే ప్రధాన కారణం. ప్రకటనల్లో మాత్రం ఆ ఊసు తక్కువ.

తెనాలి మాస్టారు

రావు గారి బియ్యం బస్తా మాట నన్ను ఆలోచింపజేసింది. దానికో కొసరు.

1955 జనవరిలో ఆవడి కాంగ్రెస్ మహాసభ "సామ్యవాద తరహా సమాజం" తన లక్ష్యమని తీర్మానించింది. నెల తిరగకుండానే ఆంధ్రలో ఎన్నికలు. కమ్యూనిస్టులు వచ్చేస్తారని ఢిల్లీ నుంచి గల్లీ దాకా టెన్షన్. 196 సీట్లలో కాంగ్రెస్ కూటమికి 146, కమ్యూనిస్టులకి 15. ఆ గెలుపు వెనక అనేక కారణాలున్నాయి, కాంగ్రెస్‌తో మరికొన్ని పార్టీలు ఒక్కటై పోటీ చేయడం ముఖ్యమైనది. కానీ నేను చిన్నప్పుడు మా పెదనాన్న అరుగు మీద కూర్చుని అన్నమాట గుర్తుంది: "వాళ్ళ చొక్కా వీళ్ళు తొడుక్కున్నార్రా, కొలతే సరిపోలేదు." అప్పటికి ఏడేళ్ళ కిందట గెంటేసిన సోషలిస్టుల మాటలే అవి. మనుషులు బయటున్నారు, మాట లోపలికొచ్చింది. భూసంస్కరణలు ఏ మాత్రం జరిగాయో గుంటూరు జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు.

అందుకని నా అనుమానం రావు గారి భయానికి తలకిందులుగా ఉంది. సోషలిస్టుల వల్ల డెమొక్రాట్లు మునుగుతారని కాదు. మమ్దానీ చెప్పిన అద్దె, బస్సు, పిల్లల సంరక్షణ అన్న మూడు మాటలూ పెద్ద పార్టీ నమిలి మింగేసి, రేపు అందరూ అదే వల్లిస్తారు. చేసేవాడు ఉండడు.

క్వీన్స్ కమల

అందుకే మనుషులు లోపలుండాలి అంటున్నా మాస్టారూ.

ఇర్వింగ్ రావు

మాస్టారు చెప్పింది నేను ఇలా ఆలోచించలేదు. ఒప్పుకోను గానీ, ఆలోచిస్తా. మా కాంగ్రెస్ సీటులో మాత్రం బోర్డు ఉన్నవాడు నిలబడితే నేను ఇంకొకరికే వేస్తాను.

క్వీన్స్ కమల

వేయండి, ప్రైమరీ ఉన్నదే అందుకు. మా ఆయన 2025 జూన్‌లో వేయలేకపోయాడు. పౌరసత్వం వచ్చినప్పుడు ఓటరు ఫారంలో "ఏ పార్టీ లేదు" అని టిక్కు పెట్టాడు, తటస్థంగా ఉంటే మర్యాదని. న్యూయార్క్‌లో పార్టీ రాయించుకోనివాళ్ళకి ప్రైమరీలో ఓటు ఉండదు. ఆ రోజంతా ఇంట్లో సోఫా మీద కూర్చుని రిజల్ట్స్ చూశాడు పాపం. మార్చుకోవడానికి గడువు ఫిబ్రవరి 14. ఈసారి వాలెంటైన్స్ డేకి పువ్వులొద్దు, ఫారం నింపి నా చేతిలో పెట్టమన్నాను.

హెచ్1బీ హనుమంతు

ఓటుండీ వేయనివాళ్ళు కూడా ఉన్నారన్నమాట. రావు గారూ, మీ టెక్సస్‌లో ఎలా?

ఇర్వింగ్ రావు

మాకు పార్టీ రిజిస్ట్రేషనే లేదు. ప్రైమరీ రోజున వెళ్ళి, ఏ పార్టీ బ్యాలెట్ కావాలో టేబుల్ దగ్గర అడిగి తీసుకోవడమే. పోయినసారి నా వెనక నిలబడ్డది మా ఆఫీసు మేనేజర్. ఏది అడిగానో ఆయన విన్నాడో లేదో ఇప్పటికీ తెలియదు.