అప్‌డేట్: నికాన్ డి750 వదిలి మిర్రర్‌లెస్‌కి మారాను

నా డి750 (లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరా) అమ్మేసి, అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో సోనీ ఏ7 4 కొనాలా, నికాన్‌లోనే ఉండి జెడ్6 3 తీసుకోవాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. జెడ్6 3 తీసుకున్నాను. సోనీలో 33 మెగాపిక్సెల్స్ ఉన్నా, లెన్సులన్నీ మళ్ళీ కొనాల్సి వచ్చేది. ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ (పాత నికాన్ లెన్సుల్ని జెడ్ కెమెరాకి తగిలించేది) మీద నా పాత 70-200 ఏఎఫ్-ఎస్ లెన్సు హాయిగా పనిచేస్తోంది, దాని లోపలే ఫోకస్ మోటారు ఉంది. 50 ఎంఎం 1.8డి లెన్సు మాత్రం ఆటోఫోకస్ అవ్వదు, ఎందుకంటే దానిలో గానీ అడాప్టర్‌లో గానీ ఫోకస్ మోటారు లేదు. డి లెన్సులున్నవాళ్ళు కొనేముందే ఇది చూసుకోండి.

మొన్న పెళ్ళిలో తలంబ్రాలప్పుడు బియ్యం ముఖానికి అడ్డంగా జలజలా రాలుతున్నా ఫోకస్ పెళ్ళికూతురి కన్ను మీదే నిలిచింది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు సైలెంట్ షట్టర్ వాడాను, మంత్రాలు తప్ప చప్పుడే లేదు. నాకు అదొక్కటే చాలు! బ్యాటరీ మాత్రం డి750 అంత రాదు, మూడు పెట్టుకెళ్తున్నాను. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.