కెనడాలోని బ్రాంప్టన్‌లో (ఒంటారియో) బేస్‌మెంట్ బెడ్‌రూమ్ తెల్లవారేసరికి 16 డిగ్రీలు, ఏం చెయ్యొచ్చు? (ఫోరంలో ప్రశ్న, జవాబులు; ప్రతి పోస్టు పైన రాసినవారి పేరు)

చలిగది
రెండు బెడ్‌రూముల బేస్‌మెంట్, అద్దెది. థర్మోస్టాట్ పైన ఓనర్ దగ్గర, 21లో ఉంటుంది. పైన వెచ్చగానే ఉందంటున్నారు. కింద పిల్లలు పడుకునే 10×12 అడుగుల గదిలో మాత్రం తెల్లవారుజామున 16 చూపిస్తోంది. సీలింగ్‌లో ఒకే హీట్ వెంట్, గాలి పల్చగా వస్తోంది. కాంక్రీటు మీద లామినేట్ ఫ్లోరింగ్, దానిమీదే పరుపులు. 1500 వాట్ల హీటర్ పెడితే కాసేపటికి బ్రేకర్ పడిపోతోంది. గోడలు ముట్టుకోకుండా మేం చేసుకోగలిగేవేంటి, ఓనర్‌ని అడగాల్సినవేంటి?

డక్ట్ పని
హీటర్ సంగతి తర్వాత, ముందు గాలి సంగతి చూడండి. ఫర్నేస్ (ఇల్లంతటికీ వేడిగాలి పంపే యంత్రం) ఉండే గదిలో పెద్ద రేకు డక్ట్ (గాలి గొట్టం) నుంచి 5, 6 అంగుళాల గుండ్రటి పైపులు చీలి ఒక్కో గదికి పోతాయి. చీలిన చోటికి దగ్గర్లో చిన్న పిడి ఉంటుంది, గాలిని ఆపే లోపలి మూతని, అంటే డ్యాంపర్‌ని, తిప్పేది అదే. పిడి పైపు వెంబడే ఉంటే తెరిచినట్టు, పైపుకి అడ్డంగా ఉంటే మూసినట్టు. ఏసీ గాలి పైకి బాగా వెళ్ళాలని ఎండాకాలంలో బేస్‌మెంట్ డ్యాంపర్లు మూసి, చలికాలం వచ్చినా అలాగే వదిలేయడం మామూలే. ఓనర్‌తో మాట్లాడి కిందివి పూర్తిగా తెరిపించండి, పైవాటిలో ఒకటి రెండు కొద్దిగా మూయించండి. మరీ ఎక్కువ మూస్తే ఫర్నేస్ లోపల వేడెక్కి లిమిట్ స్విచ్ దాన్ని ఆపేస్తుంది. కాబట్టి కొంచెం మార్చి, ఒక రోజు చూసి, మళ్ళీ మార్చాలి.

గదిలోకి గాలి రావాలంటే పోవడానికీ దారి ఉండాలి. ఫర్నేస్ నడుస్తుండగా తలుపు మూసి వెంట్ కింద చెయ్యి పెట్టండి, తర్వాత తలుపు తీసి మళ్ళీ పెట్టండి. తీసినప్పుడు గాలి జోరు పెరిగితే గదికి సరిపడా రిటర్న్, అంటే గాలి తిరిగి ఫర్నేస్‌కి పోయే దారి, లేదని అర్థం. తలుపు అడుగు కోయించి ముప్పావు నుంచి అంగుళం సందు ఉంచాలి, లేదా గోడలో ట్రాన్స్‌ఫర్ గ్రిల్ (గాలి అటూ ఇటూ పోయే జాలీ) పెట్టించాలి.

పైన 21 రాగానే ఫర్నేస్ ఆగిపోతుంది, కింద చల్లబడుతున్న సంగతి దానికి తెలియదు. థర్మోస్టాట్‌లో ఫ్యాన్‌ని ఆటో నుంచి సర్క్యులేట్‌కి (వేడి ఆగినా ఫ్యాన్ మధ్యమధ్యలో తిరిగేలా) మారిస్తే పైనా కిందా గాలి కలుస్తుంది. ఫిల్టర్ కూడా చూడమనండి. అంగుళం మందం ఫిల్టర్ దుమ్ము పట్టిందంటే, ముందు ఫర్నేస్‌కి దూరంగా ఉన్న గదులకే గాలి తగ్గుతుంది.

కరెంటు లెక్క
బ్రేకర్ తప్పేం లేదు. 120 వోల్టుల మీద 1500 వాట్లు అంటే 12.5 ఆంపియర్లు. 15 ఆంపియర్ల సర్క్యూట్ మీద గంటల తరబడి 12 దాటకూడదు. పైగా బేస్‌మెంట్‌లో రెండు మూడు గదుల ప్లగ్గులు తరచూ ఒకే బ్రేకర్ మీద ఉంటాయి. ఆయిల్ రేడియేటర్ తీసుకుని 900 వాట్లలో పెట్టండి, 7.5 ఆంపియర్లే లాగుతుంది. నేరుగా గోడ ప్లగ్గులోకే, ఎక్స్‌టెన్షన్ బాక్సు అస్సలు వద్దు. ప్లగ్గు వేడెక్కితే వెంటనే ఆపండి, లోపల కనెక్షన్ వదులై ఉండొచ్చు. పరుపులు, కర్టెన్లు మూడడుగుల దూరంలో ఉండాలి.

ఓనర్ ఖర్చు పెట్టడానికి సిద్ధమైతే కిటికీ కింద 240 వోల్టుల బేస్‌బోర్డ్ హీటర్ (గోడ అడుగున బిగించేది) మంచిది. చదరపు అడుగుకి 10 వాట్ల లెక్కన మీ గదికి 1250 వాట్లది చాలు. గదిలోనే దానికి వేరే థర్మోస్టాట్ పెట్టించాలి. పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించమనండి.

ఫోమ్ బోర్డు
చలి ఎక్కడ దూరుతోందో తెలియాలంటే గాలి బాగా వీచే రోజున అగరుబత్తి వెలిగించి కిటికీ అంచులు, ప్లగ్గు బోర్డులు, గోడ పైభాగం వెంట మెల్లగా తిప్పండి. పొగ చెదిరిన చోటే సందు. కిటికీకి హెయిర్ డ్రయర్‌తో బిగించే ప్లాస్టిక్ ఫిల్మ్ వెయ్యండి. పలకలు, థర్మాకోల్ మాత్రం స్క్రూలతో బిగించొద్దు. బెడ్‌రూమ్ కిటికీ మంటలప్పుడు బయటపడే దారి. ఒంటారియో కోడ్ ప్రకారం తెరిచినప్పుడు 0.35 చదరపు మీటర్ల ఖాళీ, ఏ వైపూ 380 మిల్లీమీటర్లకి తగ్గకుండా ఉండాలి.

అసలు చిల్లు చాలా ఇళ్లలో రిమ్ జాయిస్ట్. అంటే కాంక్రీటు గోడ అయిపోయి పై అంతస్తు చెక్క మొదలయ్యే చోటు. అక్కడ ఉత్త పింక్ ఫైబర్‌గ్లాస్ దూది కుక్కి ఉంటే గాలి ఆగదు, దాని వెనక చెమ్మ చేరి చెక్క నల్లబడుతుంది. 2 అంగుళాల ఫోమ్ బోర్డు ముక్కలు నాలుగు వైపులా పావు అంగుళం తక్కువగా కోసి పెట్టి, ఆ అంచుల్లో స్ప్రే ఫోమ్ నింపాలి. ఇది ఓనర్ చేయించాల్సిన పని. ఫర్నేస్ పొగగొట్టానికి మాత్రం ఫోమ్ తగలకూడదు.

ఒక్క హెచ్చరిక. కొన్ని ఇళ్లలో ఫర్నేస్ గదిలో బయటి నుంచి వచ్చే గొట్టం ఒకటి బకెట్‌లో వేలాడుతుంటుంది. చల్లగాలి వస్తోందని దాన్ని గుడ్డలతో మూసేవాళ్ళున్నారు. అది ఫర్నేస్, గీజర్ మండటానికి కావాల్సిన గాలి. మూస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి తిరగొచ్చు. పిల్లల గది బయట దాన్ని పసిగట్టే అలారం పనిచేస్తోందో లేదో ఈరోజే చూడండి.

చలిగది
తలుపు తీస్తే గాలి బాగా పెరిగిందండీ. అలారం పనిచేస్తోంది. బీరువా జరిపితే వెనక గోడకి నల్లచుక్కలున్నాయి, పరుపు అడుగున కూడా తడిగా ఉంది. ఇదీ చలివల్లేనా?

ఫోమ్ బోర్డు
అవునండీ. మన ఊపిరిలోని ఆవిరి చల్లటి గోడ మీద, నేల మీద నీరవుతుంది. బీరువాని బయటి గోడకి నాలుగంగుళాలు ఎడంగా జరపండి, పరుపులకి పట్టీల మంచం కొనండి. నేలమీద పడుకుంటే వెన్నుకి చలి, పరుపుకి బూజు రెండూ తప్పవు. చిన్న హైగ్రోమీటర్ పెట్టి తేమ 30, 40 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. గదిలో బట్టలు ఆరెయ్యొద్దు, స్నానం చేసేటప్పుడు, వంట చేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యండి. చుక్కల్ని మాస్క్ వేసుకుని సబ్బునీళ్ళతో తుడవండి. మళ్ళీ వస్తే ఫోటో తీసి ఓనర్‌కి మెసేజ్‌లో పంపండి, నోటిమాటగా వదలొద్దు.

డక్ట్ పని
ఉష్ణోగ్రత కూడా రాసి పెట్టుకోండి. ఒంటారియో నిబంధనల్లో సెప్టెంబరు 1 నుంచి జూన్ 15 వరకు అద్దె ఇంట్లో కనీసం 20 డిగ్రీలు అని ఉంది, నగరాల బైలాలు (స్థానిక నిబంధనలు) వేరుగా ఉండొచ్చు. మీ సిటీ నిబంధన చూసి, థర్మామీటర్ ఫోటోలు తేదీ, టైముతో జతచేసి ఓనర్‌ని అడగండి. ముందు డ్యాంపర్లు, తలుపు సందు. ఆ రెండిటికీ పెద్ద ఖర్చుండదు, వెంటనే ఒప్పుకుంటారు.