మంత్రానికి వెల జ్ఞాపకం అని పెట్టాం, ఆడేవాళ్లకి చీమ కుట్టినట్టు కూడా లేదు

కత్తిపిడి: ఫ్రెండ్స్‌తో కలిసి చిన్న ఫాంటసీ గేమ్ చేస్తున్నాను. హీరోయిన్ పెద్ద మంత్రం వేసినప్పుడల్లా ఆమెకి ఒక జ్ఞాపకం పోతుంది, అమ్మ ముఖం, చిన్నప్పటి పాట, ఇలాంటివి. కథగా చెప్తే అందరూ ఆహా అన్నారు, తీరా ఆడించి చూస్తే ఆ సీన్ స్కిప్ కొట్టి బాస్ (లెవెల్ చివర్లో వచ్చే పెద్ద శత్రువు) మీద మంత్రాలు కుమ్మేస్తున్నారు. మ్యూజిక్ పెంచాలా, డైలాగులు ఇంకా రాయాలా?

నిశాచరి: డైలాగులు వద్దు బాబూ. పోయేది హీరోయిన్‌ది, ఆడేవాడి జేబులోంచి ఏమీ పోవట్లేదు. ఫైనల్ ఫాంటసీ 7 (1997)లో ఏరిత్ చనిపోయినప్పుడు అంతలా తగిలింది సీన్ వల్లే కాదు, అప్పటిదాకా ఆమెని టీమ్‌లో పెట్టుకుని లెవెల్స్ పెంచుకున్న శ్రమంతా ఆమెతోనే పోయింది, లిస్టులో ఆ పేరే ఉండదు. మీ గేమ్‌లోనూ అమ్మ ముఖం మర్చిపోతే అమ్మతో మాట్లాడే ఆప్షనే పోవాలి, ఊరు మర్చిపోతే మ్యాప్‌లో ఆ ఊరి పేరు చెరిగిపోవాలి.

బూడిదరెక్క: సగమే ఒప్పుకుంటా. వెల మరీ ఎక్కువైతే ఎవరూ మంత్రం జోలికే పోరు, చివరి బాస్ కోసమని దాచి దాచి అక్కడా వాడరు. ప్లేస్టేషన్ వీటా అనే చేతి గేమ్ మెషీన్‌లో వచ్చిన సోల్ శాక్రిఫైస్ (2013) చూడండి, ఒంట్లో భాగాన్నే బలిచ్చి వేసే మంత్రాలున్నాయి, ఫైట్ అయ్యాక కూడా ఆ దెబ్బ ఉండిపోతుంది, కానీ లాక్రిమా అనే కన్నీళ్లు ఖర్చుపెడితే బాగైపోతుంది. దాంతో నాకైతే త్యాగం కాస్తా జమాఖర్చులా అనిపించింది. ముందు మంత్రం వేయక తప్పని చోటు ఒకటి చూపించండి, తర్వాత వెల గురించి ఆలోచించొచ్చు.

నిశాచరి: తప్పనిసరి చేస్తే అది త్యాగమెలా అవుతుంది, ట్యాక్స్ అవుతుంది. డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ (2009)లో ఆర్చ్‌డీమన్ అనే చివరి డ్రాగన్‌ని చంపిన గ్రే వార్డెన్ (మనం ఆడే యోధుల దళం వాడు) చనిపోతాడని చెప్పి, ఆ రాత్రే మోరిగన్ అనే మంత్రగత్తె చేత తప్పించుకునే దారి కూడా చూపిస్తారు, అదీ ఊరికే రాదు. ఏది ఎంచుకున్నా భారం మన మీదే. నియర్ (2010) ఆఖరి ఎండింగ్ అయితే మరీ మొండి, మళ్లీ మళ్లీ అడిగి ఒప్పించుకుని మన సేవ్ ఫైల్సే తుడిచేస్తుంది!

కత్తిపిడి: సేవ్ తుడిచేంత ధైర్యం నాకు లేదు. అమ్మ ఆప్షన్ మాత్రం తీసేస్తాను, మంత్రం వేయకుండా చుట్టూ తిరిగి వెళ్లే దారీ పెడతాను. మరి పాత సేవ్ లోడ్ చేసుకుంటే?

బూడిదరెక్క: సేవ్ స్లాట్ ఒక్కటే ఇవ్వండి, మంత్రం పడగానే ఆటోసేవ్.